ఖర్జూరానికి రాయి

ఫిబ్రవరి 3, 2025. నంద్యాల

హైదరాబాదు నుంచి మనవరాలి ఫోన్. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతుందట. వెంకటాపురం మీదుగా, అడవి దారిన. దానికి గోధుమ పడదు. సీలియాక్ జబ్బు. దారి పొడుగునా అన్నదానాలే కదా అన్నాను.

"ఉప్మా పెడతారు తాతా."

నిజమే. బొంబాయి రవ్వ.

ఫిబ్రవరి 4

బజారులో ఎనర్జీ బార్ చూశాను. బారు వేలెడు, వెల మూరెడు. వెనకాల చీమల అక్షరాలు. భూతద్దం పెట్టి చదివితే ఓట్స్, ఏదో సిరప్పు, ఆఖర్న "గోధుమ ఉండవచ్చు". ఓట్స్‌లో గోధుమ ఉండదు. మిల్లులో ఉంటుంది.

ఫిబ్రవరి 6

పులిహోర అయితే తినొచ్చు కదా అంది ఇంటామె. ఇంగువ డబ్బా తిప్పి చూశాను. గోధుమపిండి. డబ్బా ఆమె చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసింది.

"ఇంగువే" అంది.

ఫిబ్రవరి 9

బార్లు నేనే చేద్దామని కిరాణా కొట్టుకు పోయాను. బాదం కాలిఫోర్నియాది. అంజూర్ ఆఫ్ఘనిస్తాన్‌ది. ఖర్జూరం ఇరాన్‌ది. ఎండుద్రాక్ష మహారాష్ట్రది. జీడిపప్పు పలాసది. సేటు రాజస్థాన్ మనిషి. నంద్యాలవి నేనూ, సంచీ.

బుడ్డలు అడిగాను. "అవి డ్రైఫ్రూట్స్‌లో రావు సార్. పక్క కొట్టు."

రంజాన్ దగ్గరికొస్తోంది. ఖర్జూరాలు గుట్టలు పోశారు. రకానికో పేరు, పేరుకో ధర. చేతికి అంటుకునేవి తీసుకున్నాను. గట్టివి పాకం లేనిదే పట్టవు.

ఫిబ్రవరి 11

కొర్రలు. ఊళ్లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906 నుంచీ ఉంది. సూర్యనంది కొర్ర అక్కడ పుట్టిందే. మా నాయన రోజూ కొర్రన్నం తిని, వరన్నం కోసం పండగలు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు కొర్రలు పాకెట్లో వస్తున్నాయి. మీద "గ్లూటెన్ ఫ్రీ" ముద్ర. నాయనకు ముద్ర లేకుండానే పెట్టారు.

సాయంత్రం

కొర్రపిండి అయితే బాగా కలుస్తుందంది ఇంటామె. మరకు పోయాను. నాకంటే ముందు ఎవరివో గోధుమలు. గోధుమలో ఉండే ఆ గ్లూటెన్ లేదని అచ్చేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. మర ఆడించేవాడి మీసాల మీదే అంతకంటే ఎక్కువుంది. కొర్రలు కొర్రలుగానే ఇంటికి తెచ్చాను. వేయించి వేస్తే సరి.

ఫిబ్రవరి 12

అన్నీ వేరువేరుగా వేయించాలి. జీడిపప్పుకు తొందరెక్కువ. బాదం బద్ధకం. నువ్వులు మూకుడులో నిలవవు. బుడ్డలకు పొట్టు ఊదాలి, వాకిట్లో, గాలి చూసుకుని. పక్కింటామె చూసి పెళ్లేమన్నా ఉందా అంది.

పావుకిలో ఖర్జూరానికి పావుకిలో పప్పులు. గుప్పెడు కొర్రలు. రెండు ఏలక్కాయలు. ఉప్పు చిటికెడు. బెల్లం వద్దు, పాకం వద్దు. మిక్సీ మూలిగి ఆగింది. రోట్లో దంచాను.

"ఉండలు చుట్టక, ఈ బిళ్లలెందుకు?"

"జేబులో పట్టాలి."

"ఉండ జేబులో పట్టదా?"

పళ్లెంలో సర్దుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 13

బిళ్లలు విరుగుతున్నాయి. బాగా అదమాలి. బరువు కావాలి. తిరగలి రాయి పెట్టొచ్చు, కానీ దాంట్లో ఎన్ని తరాల గోధుమ ఉందో.

ఫిబ్రవరి 15. ఆళ్లగడ్డ

శిల్పుల కొట్లు. తొండాలు ఇంకా రాని వినాయకులు వరసగా. దుమ్ములో ఉలి చప్పుడు. జానెడు పలక కావాలన్నాను, అడుగు నున్నగా, పైన పట్టుకోవడానికి పిడి.

"ఏ దేవునికి సామీ?"

"ఖర్జూరానికి."

బలపం తీసుకున్నాడు. "పీఠం ఉండాల్నా?"

ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నా పలకకు వర్తిస్తుందా అని అడగలేదు.

ఫిబ్రవరి 17

హాలండులో విల్లెం డికె అని పిల్లల డాక్టరు. గోధుమ మీద ముందునుంచే అనుమానం. 1944–45 చలికాలం అక్కడ కరువు. రొట్టె లేదు. జనం చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు తేరుకున్నారు. 1950లో సిద్ధాంత గ్రంథం రాశాడు.

ఇంటామెకు చదివి వినిపించాను. "పాపం, మిగతా పిల్లలు?" అంది.

ఫిబ్రవరి 19. మహానంది

ఎండిన అరటాకుల కోసం వచ్చాను. బిళ్లలు చుట్టాలి. శ్రీశైలం దారి పులుల అడవి, ప్లాస్టిక్ తీసుకుపోకూడదు. తోటాయన ఊరికే ఇచ్చాడు. ఎందుకని అడిగి, చెప్పాక, ఇంకో కట్ట ఇచ్చాడు.

కోనేట్లో నీళ్లు ఉన్నట్టే లేవు. అడుగున రూపాయి బిళ్ల, బొమ్మా బొరుసూ తెలుస్తోంది. మైకులో చిరుత తిరుగుతోందని, ఒంటరిగా పోవద్దని. ఆ వెంటనే అదే గొంతు అభిషేకం టికెట్ల సంగతి.

బయట సారపప్పు దొరికింది. నల్లమలది. బాదం కంటే ప్రియం. ఒక్కో కాయా పగలగొట్టి తీయాలి, అంత పప్పుకు. లోపల వేయను, కనపడవు. పైన అద్దుతాను.

ఫిబ్రవరి 21

పలక వచ్చింది. పీఠం చెక్కాడు. అడుగున పద్మం. బిళ్లల మీద పద్మం పడుతోంది.

ఫిబ్రవరి 23

మనవరాలు బయల్దేరింది. బూట్లు, కర్ర, ఫోన్‌కు ఇంకో బ్యాటరీ. అరటాకు పొట్లాలు చూసి "ప్యాకేజింగ్ అదిరింది" అంది. ఇంటామె నిమ్మకాయ కట్టింది సంచికి.

ఫిబ్రవరి 26. శివరాత్రి

శ్రీశైలం నుంచి ఫోన్. భీముని కొలను మెట్ల దగ్గర మోకాళ్లు పోయాయట. కైలాసద్వారం చేరాక బాగుందట.

"బార్లు?"

"నాగలూటిలోనే అయిపోయాయి తాతా. అందరూ పద్మం చూసి ప్రసాదమని తీసుకున్నారు."

"మరి నువ్వేం తిన్నావే?"

"ఒక అవ్వ నువ్వుల ఉండలిచ్చింది. నువ్వులూ బెల్లమే, అడిగాను. జేబులో వేసుకుని నడిచాను."

ఇంటామె ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. సిగ్నల్ పోయిందన్నాను.