రేకుల ఇంట్లో రికార్డింగు

ఏ మైకు కొనమంటావు మావయ్యా అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగే కుర్రాడు మంచివాడే, వాడి గొంతు అంతకన్నా మంచిది. కానీ నోట ప్రశ్న వచ్చేసరికే చేతిలో ఫోను, ఫోనులో బొమ్మ సిద్ధంగా ఉంటాయి: స్టాండుకి వేలాడే పెద్ద కండెన్సర్ మైకు, ముందు గుండ్రటి పాప్ ఫిల్టరు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని పాడే హైదరాబాదు పిల్ల. వాడు నా దగ్గరికి వచ్చింది దీవెన కోసం. ఆ పిల్ల గదికి ఏసీ ఉంది, గోడలకి స్పాంజి ఉంది. వీడిది అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో రేకుల ఇల్లు.

ముందు ఆ మైకు ఇక్కడికి రావడమే ఒక కథ. 744101 అని పిన్‌కోడు కొట్టగానే 'మీ ప్రాంతానికి పంపడం లేదు' అని ఎర్రక్షరాలు వస్తాయి. 2024లో పోర్టుబ్లెయర్ శ్రీ విజయపురం అయింది గానీ ఆ ఎర్రక్షరాలు మాత్రం మారలేదు. చెన్నై నుంచి ఇక్కడికి సముద్రం అడుగున సుమారు 2300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబులు వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. ఇప్పుడు మన పాట రెప్పపాటులో మెయిన్‌ల్యాండుకి పోతుంది. ఆ పాట పాడడానికి కావలసిన మైకు మాత్రం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. పంపుతానని డబ్బు తీసుకున్న ఒక వ్యాపారి, లోపల బ్యాటరీ ఉందేమో, విమానంలో ఎక్కించరేమో అని నా పార్సిల్ దారిలోంచి వెనక్కి రప్పించుకున్నాడు. మైకులో బ్యాటరీ ఎక్కడిదయ్యా! ఈ మాట ఫోనులో అరిచి అరిచి నా గొంతే పోయింది.

సరే, వచ్చిందే అనుకుందాం. ఇక్కడి గాలికి అది తట్టుకోవాలి కదా. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. నైరుతి వెళ్లిందని బట్టలు ఆరేస్తే ఈశాన్యం వచ్చి తడుపుతుంది. కండెన్సర్ మైకు ప్రాణమంతా బంగారం పూత పూసిన ఒక ప్లాస్టిక్ పొరలో ఉంటుంది. దాని మందం కొన్ని మైక్రాన్లు, అంతే. ఆ పొరకీ వెనకనున్న లోహపు పలకకీ మధ్య విద్యుదావేశం నిలబడితేనే అది గొంతును పట్టుకోగలదు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చేది అందుకే. తేమ చేరిందా, ఆ ఆవేశం కారిపోతుంది. చరణం మధ్యలో పోపు వేసినట్టు చిటపటలు వినిపిస్తాయి. అయినా కొంటానంటే కొనుక్కో, కానీ పాడిన వెంటనే గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పడుకోబెట్టు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే వాటిని మళ్లీ వేడిచేసి ఆరబెట్టాలి. ఇంత సేవ ఇంట్లో అల్లుడికి కూడా జరగదు.

కండెన్సర్‌కి వినికిడి కూడా ఎక్కువే. ఫ్యాను గాలి, పక్కింటి కుక్కరు కూత, తెల్లవారుజామున తిరిగొచ్చే డింగీల ఇంజన్లు, అన్నీ నీ పల్లవిలో కూర్చుంటాయి. రేకుల మీద వాన మొదలైతే ఇక ఏ మైకూ చేసేదేమీ లేదు. మా ఊళ్లో పాటల సీజను జనవరి నుంచి ఏప్రిల్ దాకానే అనుకోవాలి.

అందుకే నా ఓటు డైనమిక్ మైకుకి. అయస్కాంతం, తీగచుట్ట, అంతే. కరెంటు అడగదు, తేమకి అలగదు, కింద పడేస్తే లేచి పాడుతుంది. షూర్ ఎస్ఎం58 వచ్చింది 1966లో. ఇప్పటికీ ఏ ఊరి స్టేజీ మీద చూసినా అదో, దాని నకలో కనిపిస్తుంది. "అది స్టేజీ మైకు కదా మావయ్యా" అని కుర్రాళ్లు ముఖం మాడ్చుకుంటారు. వాళ్ల కోసం ఒక సాక్షిని దాచి ఉంచాను: 1982లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాడింది డైనమిక్ మైకు ముందే, షూర్ ఎస్ఎం7. ఇప్పుడు అందరూ ఎగబడే ఎస్ఎం7బి దాని వారసురాలే. అది మహా మెతక గొంతుది, అరవై డెసిబెల్స్ దాకా పెంచితే గానీ పలకదు. మైకును కంప్యూటరుకి కలిపే ఇంటర్‌ఫేసు చవకరకమైతే, అంత పెంచగానే బుస్సుమంటుంది. కాబట్టి ఎస్ఎం58 కొను, మిగిలిన డబ్బుతో మంచి ఇంటర్‌ఫేసు కొను, బీరువా తలుపులు తెరిచి బట్టల వైపు ముఖం పెట్టి, వెనక రెండు బొంతలు కట్టి పాడు. మైకుకి జానెడు దూరం చాలు. ఇంకా దగ్గరికి పోతే గొంతు బొంగురెక్కుతుంది, 'ప'లూ 'భ'లూ దబదబ బాదుతాయి. మైకును కొంచెం పక్కకి తిప్పితే ఆ బాదుడు చాలామటుకు తగ్గుతుంది.

ఇంత చెప్పాక కూడా అడుగుతారు, "ఎకో ఎంత పెట్టాలి?" అని. నా అసలు పగ ఆ ఎకోతోనే. బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతూ పాడి, ఆ పాటను తీసుకెళ్లి నూతిలో పడేస్తారు. మాటలు నాని ముద్దైపోతాయి. భజనలో దేవుడి పేరు కూడా తెలియదు.

స్పష్టంగా వినబడే మాటంటే నా చిన్నప్పుడు మా శ్రీకాకుళం పల్లెల్లో మైకుసెట్టుది. తాటిచెట్టుకి కట్టిన గొట్టం మైకుకి అడుగు స్వరాలూ రావు, పై స్వరాలూ రావు. నడిమి స్వరాలే దానికి వచ్చు. మనిషి మాట అర్థమయ్యేది ముఖ్యంగా వాటితోనే కాబట్టి, ఘంటసాల 'నమో వెంకటేశా' పెడితే మూడు పొలాల అవతల కలుపు తీసేవాళ్లకి కూడా అక్షరం అక్షరం వినబడేది. రికార్డు మార్చే హక్కు మైకుసెట్టు ఆయనదే, సర్పంచి చెప్పినా మార్చేవాడు కాదు. పిల్లలం చుట్టూ మూగితే "హలో" అననిచ్చేవాడు, ఒక్కొక్కళ్లకి ఒక్కసారి, అదీ మైకు ఆపేసి. పెళ్లిలో భోజనం మాత్రం మొదటి బంతిలోనే చేసేవాడు. మగపెళ్లివారు ఇంకా కాళ్లు కడుక్కుంటుండగానే ఆయన విస్తట్లో రెండోసారి పప్పు పడేది, ఎవరూ ఏమనేవారు కాదు. అలిగి గొట్టం దించేస్తే పెళ్లి జరుగుతున్నట్టు పక్క ఊరికి తెలిసేదెలా?