గేటు దగ్గర ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు?

చర్లపల్లి పారిశ్రామికవాడలో అదొక పంపుల ఫ్యాక్టరీ. కొన్న సరుకు గేటు దాటాక మెషిన్ దగ్గరికి చేరడానికీ, పంపినవాడికి డబ్బు అందడానికీ ఇంత కాలం ఎందుకు పడుతోందో తేల్చాలని ఒక రోజంతా వర్క్‌షాప్ పెట్టుకున్నారు. యంత్రాల గురించి చాలానే వేశాం, ఒక కాగితం ఎలా నడుస్తుందో చూసి రమ్మని మా ఎడిటర్ నన్ను పంపారు.

పర్చేజ్, స్టోర్స్, ఇన్‌స్పెక్షన్, అకౌంట్స్, ప్రొడక్షన్ విభాగాల వాళ్లంతా ఒకే గదిలో కూర్చున్నారు. గోడ పొడవునా ఖాకీ కాగితం అంటించి ఉంది. నడిపించే మేడమ్ ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. వస్తూనే జీఎం కుర్చీని ముందు వరసలోంచి తీయించి వెనక గోడ పక్కన వేయించారు. "సార్, మీరు ఆఖర్న మాట్లాడాలి. మీరు ముందు చెబితే మిగతావాళ్లు దాన్నే చెబుతారు" అని ఆయన ముఖం మీదే అన్నారు. ఆయన వెళ్లి కూర్చున్నారు.

ఆవిడ ఎవరినీ మాట్లాడమనలేదు. తలా ఒక చీటీల కట్ట ఇచ్చి, కాగితం మీ దగ్గరికి వచ్చాక మీరేం చేస్తారో చీటీకి ఒక్క పని చొప్పున రాయమన్నారు. ఇంగ్లీషులోనే రాయాలని లేదన్నారు. అంతవరకూ పెన్ను పట్టుకోని ఇద్దరు అప్పుడు రాయడం మొదలుపెట్టారు. చీటీలు గోడకు ఎక్కుతున్నప్పుడు పర్చేజ్ ఆఫీసర్ లేచి "ఈ ఆలస్యం ఎవరి వల్ల..." అనబోతే చేయి ఎత్తి ఆపారు. "ఎవరు అన్న ప్రశ్న ఇవాళ వద్దు. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, అంతే అడుగుదాం." ప్రశ్న అడిగాక ఆవిడ మౌనంగా ఉండగలరు. గదికి ఇబ్బందిగా అనిపించేంతసేపు ఉంటారు. ఆ ఇబ్బంది భరించలేక ఎవరో ఒకరు నిజం చెబుతారు. ఇది పుట్టుకతో వచ్చిన ఓర్పు కాదు, ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్న పని.

టీ విరామంలో స్టోర్ కీపర్ వరండాలో తన పక్కవాడితో అంటున్న మాట నా చెవిన పడింది. "సిస్టంల స్టాక్ సున్నా సూపిస్తది అన్నా. బేరింగులేమో నా ర్యాక్‌ల ఉంటయ్. ఆళ్లు మళ్ల ఆర్డర్ పెడ్తరు. చెప్తే ఎంట్రీ చెయ్యమంటరు. చలాన్ మీద పీవో నంబరే లేకపోతే అది ఎంట్రీ ఎట్ల తీసుకుంటది? సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు మమ్మల్ని ఎవ్వరన్న అడిగిన్రా?"

ఆయన వెంట స్టోర్స్‌కు వెళ్లాను. అర్జెంటని ఫోన్ మీద తెప్పించిన సరుకంతా అక్కడ ఒక ర్యాక్‌లో పడి ఉంది. ఆర్డరు కాగితం వెనక వస్తుంది, సరుకు ముందొస్తుంది. కంప్యూటరుకేమో ఆర్డరు నంబరు లేనిదే సరుకు వచ్చినట్టే లెక్క కాదు. ఆయన ఒక బేరింగు తీసి నడిమి రంధ్రంలో వేలు పెట్టి "6204" అన్నారు. ఇంకోదాన్ని తడిమి "6205." మొదటిదాని లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, రెండోదానిది 25. పెట్టె మీది అక్షరాలు ఆయన చూడలేదు. టేబుల్ సొరుగులోంచి ఒక లాంగ్‌బుక్కు తీసి చూపించారు. లారీ వచ్చిన తేదీ, సరుకు, ఇన్‌స్పెక్టర్ చూసిన తేదీ, ఎంట్రీ పడిన తేదీ. గీతలు కొట్టి, వరసలు తీర్చి, ఏళ్లుగా రాసుకున్నారు. రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రేపెప్పుడైనా మాట వస్తే తన మీదికి రాకుండా రాసుకున్నానని చెప్పారు.

నాకు అక్కడే కోపం వచ్చింది. ఇవాళ పైనున్న గదిలో వెతుకుతున్న జవాబు కింద సొరుగులో ఉంది. ఇన్నేళ్లలో దాన్ని తెరిచి చూపించమని అడిగినవాళ్లు లేరు.

మేడమ్‌కు ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, టీ తర్వాత మొదటి మాటే "అన్నా, మీ బుక్కు తెస్తారా?" అని. తెచ్చాక తాను చదవలేదు, ఆయన చేతే చదివించారు. ఆయన చెబుతుంటే ఆయన మాటల్లోనే, యాస కూడా మార్చకుండా, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాస్తూ పోయారు. ఒక ఆయిల్ సీళ్ల లాటును ఎంచుకుని లెక్క వేశారు. దించడం, లెక్కపెట్టడం, కొలిచి చూడడం, ఎంట్రీ, బిల్లు పాస్ చేయడం అన్నీ కలిపి మనుషులు దాని మీద పనిచేసింది 4 గంటల లోపే. గడిచినవి 13 రోజులు. మిగతా కాలమంతా ఆ లాటు ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చుంది. అకౌంట్స్ అమ్మాయి "మా దగ్గర ఒక్క రోజే ఉందా? తిట్లన్నీ మేమే తింటున్నాం కదా మేడమ్" అన్నప్పుడు పర్చేజ్ ఆఫీసర్ తల దించుకున్నారు.

ఆ తర్వాత మేడమ్ కాగితం ఎడమ చివర ఖాళీని చూపించారు. "గేటు దగ్గర ఏం జరుగుతుందో ఈ గదిలో ఎవరికి తెలుసు?" జవాబు రాలేదు. సెక్యూరిటీ గార్డు కాంట్రాక్టు మనిషి, కంపెనీ మస్టర్‌లో పేరుండదు, అందుకని పిలవలేదు. పిలిపించారు. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చోలేదు. ఆవిడ కూడా ఆయన పక్కనే నిలబడి మాట్లాడారు. సాయంత్రం నాలుగు దాటితే లారీని లోపలికి వదలొద్దని సర్క్యులర్ ఉందట. గేటు గదిలో గోడకు అంటించి ఉందట. అది ఇచ్చిన మేనేజరు ఎప్పుడో మానేశారు. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరికీ దాని సంగతి తెలియదు. ఆ లారీలు రాత్రంతా రోడ్డు మీద ఉంటాయి, డ్రైవర్లు కిందే పడుకుంటారు.

ఇక్కడ ఇంకో మనిషి ఉన్నాడు, అతన్ని ఏ వర్క్‌షాప్‌కూ పిలవరు. ఆ ఆయిల్ సీళ్లు పంపిన చిన్న యూనిట్ యజమాని. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సప్లయర్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చట్టం బలమైనదే. కానీ సరుకు అందినట్టు ఎంట్రీయే పడకపోతే బిల్లు కదలదు, మళ్లీ ఆర్డరు రాదన్న భయంతో ఆ చిన్నవాడు నోరెత్తడు. కంపెనీ లోపలి ఆలస్యం అతని ఇంట్లో అప్పు అవుతుంది.

ఆ గోడ మీద చేసినట్టు పనిని దశలవారీగా బొమ్మ గీసి చూపే పద్ధతిని ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టారు. ఫ్రాంక్ తాపీపని నేర్చుకుంటూ జీవితం మొదలుపెట్టినవాడు. ఇటుక పట్టుకున్న చేతిని గమనించడంతోనే ఆయన ఆలోచన ఆరంభమైంది. జపాన్‌లో 1962లో క్వాలిటీ సర్కిళ్లు మొదలైనప్పుడు కవోరు ఇషికావా పట్టుబట్టింది కూడా షాప్‌లో పనిచేసేవాళ్లే కూర్చుని తమ పనిని తాము సరిదిద్దుకోవాలని. ఆ పద్ధతి మన దేశంలో కాలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980లో. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టిందీ, ప్రధాన కార్యాలయం పెట్టుకున్నదీ సికింద్రాబాద్‌లోనే. పనిచేసేవాణ్ని కూర్చోబెట్టి అడగడం మన ఊళ్లో నలభై ఏళ్ల క్రితమే నేర్చుకున్న విద్య. ఇప్పుడు చాలాచోట్ల ఆ విద్య స్థానంలో సాఫ్ట్‌వేర్ కొంటున్నారు, బయటి సలహాదారుల చేత స్లైడులు వేయిస్తున్నారు. లేకపోతే హోటల్లో బ్యానరు కట్టి, భోజనం పెట్టి, గ్రూప్ ఫొటో దిగి పంపేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ తప్పని నేననను. ఆర్డరు లేకుండా సరుకు వచ్చే రోజులుంటాయని స్టోర్ కీపర్ ముందే చెప్పి ఉంటే, అందుకు ఒక దారి పెట్టడం ఏ ప్రోగ్రామర్‌కైనా చిన్న పని. అడగకపోవడమే తప్పు. మేడమ్ లాంటివాళ్లు రిటైరైపోతున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఎవరినీ పెట్టడంలేదు.

సాయంత్రానికి గోడ మీద మూడు పనులు మిగిలాయి. నాలుగు గంటల సర్క్యులర్ రద్దు. ఫోన్ మీద ఇచ్చే ఆర్డరుకు అప్పటికప్పుడు తాత్కాలిక నంబరు. ఇన్‌స్పెక్టర్ టేబుల్ స్టోర్స్‌లోకి మార్పు. మూడోది స్టోర్ కీపర్ చీటీ మీద పొద్దున్నే ఉంది. ప్రతిదాని పక్కనా ఒక పేరు, ఒక తేదీ రాయించారు. అప్పుడు జీఎం వంతు వచ్చింది. ఆయన రెండు వారాల తర్వాత సమీక్ష తన గదిలో పెడదామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. స్టోర్స్‌లోనే, షిఫ్టు మారే వేళ పెట్టాలని, గార్డు కూడా ఉండాలని అన్నారు. గార్డుకు ఆ గంట కూలి కాంట్రాక్టరు ఇవ్వడని హెచ్‌ఆర్ ఆయన అడ్డుపడ్డారు. "అయితే కంపెనీ ఇవ్వాలి. ఆయన చెప్పిన మాట కంపెనీకే కదా పనికొచ్చింది" అని ఆ వాక్యాన్ని కూడా కాగితం మీద రాసి మార్కర్‌ను జీఎం చేతికిచ్చారు. ఆయన దాని కింద సంతకం పెట్టారు.