రంగు ముందా, బ్రేకు ముందా?

మొన్న కాలవ కట్ట మీద మా అంబాసిడర్ ఫొటో పెడితే చాలామంది అడిగారు. ఎంత పెట్టావు, అమ్ముతావా, అంత పాత కారు డిక్కీలో యూరియా కట్టలేంటి, పాడైపోదా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నా. కాస్త పెద్దదే, మోటారు వేసి గట్టు మీద కూర్చున్నప్పుడు చదువుకోండి. ఇందులో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఒకటుంది. అది దాచిపెట్టి ఫొటోలు మాత్రం పెట్టుకుంటే మిమ్మల్ని మోసం చేసినట్టే.

కారు 1972 మోడల్, మార్క్ 2. పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజను, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. నాన్న 1984లో ఒక రైసు మిల్లు ఆయన దగ్గర పాతబండిగానే కొన్నారు. అప్పటికి మా ఊళ్ళో కార్లు రెండే. రాత్రిపూట పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. నాన్న లుంగీ మీదే బండి తీసి తెనాలి పరిగెత్తించేవారు. ఆ వెనక సీట్లో పుట్టినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు నాకంటే బాగా మినుము పండిస్తున్నాడు.

2012లో నాన్న పోయారు. బండి గొడ్ల చావిట్లోకి పోయింది, తాళాలు దేవుడి గూట్లోకి పోయాయి. ఎప్పుడో ఒకప్పుడు బాగు చేయిద్దాంలే అనుకుంటూ పదకొండేళ్ళు గడిపేశా. ఆ పదకొండేళ్ళలో ఏం జరిగిందో వినండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు బంకలాగా అయిపోయింది. ఎలుకలు వైరింగు కొరికి సీటు స్పాంజిలో కాపురం పెట్టాయి. టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి అణిగాయి. బ్రేకు సిలిండర్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. అన్నిటికంటే దారుణం, చావిట్లో గొడ్ల మూత్రం, ఆ తేమ, ఆ ఘాటు, కింది రేకు మొత్తం తినేశాయి. నాన్న నడిపిన ఇరవై ఎనిమిదేళ్ళలో గతుకులూ, బురదా, వరదనీళ్ళూ అన్నీ చూసి కూడా చెడని బండి నీడన నిలబడి చెడిపోయింది. ఎద్దుని ఏళ్ళ తరబడి కొట్టంలో కట్టేసి, ఒకరోజు హఠాత్తుగా కాడి కడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2023లో హైదరాబాద్ నుంచి పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చారు. పద్ధతి గల మనిషి. ఉన్నది ఉన్నట్టుగా రెండు లక్షలు ఇస్తానన్నారు. కంపెనీలోంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేసి, గుడ్డ కప్పి షెడ్డులో ఉంచుతాననీ, ఏడాదికి ఒకటో రెండో ప్రదర్శనలకి తీసుకెళ్తాననీ చెప్పారు. "మీరే ఉంచుకుంటానంటే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోండి" అని సలహా కూడా ఇచ్చారు.

ఈ వింటేజ్ సంగతి మనలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నా. 2021లో కేంద్రం రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటిన కార్లకీ, మోటారు సైకిళ్ళకీ నంబరు ప్లేటు మీద "వీఏ" అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. వినడానికి బాగానే ఉంది కదా? అసలు సంగతి కింద ఉంది. ఆ నంబరు వేసుకున్న బండిని మామూలు అవసరాలకి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పరిశోధనకీ, పెట్రోలు కొట్టించుకోవడానికీ, రిపేరుకీ మాత్రమే తియ్యాలి. బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అంటే బండికి గౌరవంగా పింఛను ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం అన్నమాట.

రెండు లక్షలు తక్కువేం కాదు. ఆ ఏడు కౌలు కట్టడానికి పనికొచ్చేవి. నేను సగం ఒప్పుకున్నాను కూడా. మా అమ్మే అడ్డం పడింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మా చిన్న కారులో కూర్చోవాలంటే నడుం వంచి, తల దించి, లోపలికి జారాలి. "అది కూర్చోవడం కాదురా, పడటం. మీ నాన్న బండి ఉన్నన్నాళ్ళు నేను కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. దాన్ని నడిపించు, నేనెక్కుతా. లేదంటే ఆస్పత్రికి కూడా రాను" అంది. ఏడాదికి రెండుసార్లు గుడ్డ తీసి చూపించే బండి కాదు, నెలకి రెండుసార్లు అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే బండి కావాలి మాకు. ఆయనకి దణ్ణం పెట్టి పంపేశా.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నా తెలివితక్కువతనం.

బండి నడిపించాలనుకున్నవాణ్ణి నడకకి కావలసినవి ముందు చూడాలా వద్దా? నేను రంగు దగ్గర మొదలుపెట్టా. పక్క టౌన్లో ఒక షెడ్డుకి ఇచ్చా. తుప్పు పట్టినచోట లప్పం కూరి, రుద్ది, తెల్లరంగు కొట్టి, బంపర్లకి క్రోమ్ వేయించి 65,000 తీసుకున్నాడు. పెళ్ళికొడుకులా తయారైంది. ఇంజను వరకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకి చూపించా. ఆయన నలభై ఏళ్ళుగా ఈ బండ్లే చేస్తున్నాడు. స్టార్ట్ చేసి ఇచ్చి, చక్రాలకేసి చూసి, "బాబూ, బ్రేకు మొత్తం మార్చాలి, హోస్ పైపులతో సహా" అన్నాడు. బ్రేకు పడుతోంది కదా అన్నాను. "పడుతోంది, ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను" అన్నాడు. అప్పటికే డబ్బులైపోయాయి. ధాన్యం డబ్బులొచ్చాక చూద్దాం లెమ్మన్నాను.

2024 ఏప్రిల్. బంధువుల గృహప్రవేశానికి అమ్మనీ, మా పాపనీ ఎక్కించుకుని బయల్దేరా. కాగితాలు కూడా అప్పటికింకా చేయించలేదు, అదీ తప్పే. కాలవ కట్ట దిగేచోట ఏటవాలు మీకు తెలిసిందే. ఎదురుగా కంకుల ట్రాలీ వేసుకుని ట్రాక్టరు వస్తోంది. బ్రేకు తొక్కా. పెడలు నేలకి వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కా. గాలిలో కాలు పెట్టినట్టుంది. ఆ పాత మార్క్ 2కి బ్రేకు లైను ఒకటే, నాలుగు చక్రాలకీ కలిపి. ఎక్కడ ఒక్కచోట పగిలినా నాలుగూ పోతాయి. హ్యాండ్ బ్రేకు లాగా, గేరు రెండులోకి దించా, బండి గోలపెట్టింది గానీ ఆగలేదు. ఎడమ పక్కన కాలవ, కుడి పక్కన ట్రాక్టరు. కట్ట దిగిన చోట మా బాబాయి రోడ్డు వారగా మొక్కజొన్న ఆరబోసి సాయంత్రానికి కుప్ప చేసి ఉంచాడు. ఆ కుప్పలోకి పోనిచ్చా.

రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబొయ్యొద్దని నేనే ఈ పేజీలో ఒకసారి రాశాను. ఆ రోజు నుంచి ఆ మాట ఎత్తలేదు.

బండి బానెట్టు దాకా గింజల్లో కూరుకుని ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. కుడివైపు మడ్‌గార్డు సొట్టపోయింది, బాబాయి పట్టా చిరిగింది. పాప బిక్కచచ్చిపోయి ఏడుస్తోంది. నా చేతులు స్టీరింగు వదలట్లేదు. అమ్మ మాత్రం తాపీగా కొంగు సర్దుకుని, "రంగు మాత్రం బాగుందిరా" అంది.

ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రిళ్ళు గుర్తొస్తుంది. ముందు చక్రం దగ్గర రబ్బరు హోస్ పగిలింది. పైకి నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది. లోపల బెరడులా పెళుసైపోయింది. ఆ హోస్ ఖరీదు నేను క్రోమ్‌కి పెట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు.

తర్వాత మొత్తం పని తిరగేసి చేయించా. ఆటోనగర్ పెద్దాయన నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు అన్నీ, హోసులు, లైనర్లు, ఇనప పైపులు కూడా కొత్తవి వేశాడు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మొత్తం తీసి కొత్తది పొయ్యమన్నాడు. ఇది మన కొత్త కార్లకి, బైకులకి కూడా వర్తిస్తుంది. మీరు చివరిసారి ఎప్పుడు మార్పించారో గుర్తుందా?

ఆ తర్వాత కింది రేకు. అంబాసిడర్‌కి లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ఉండే పెట్టెలాంటి భాగం తుప్పు పడితే బండి నడుం విరిగినట్టే. సుత్తితో మెల్లగా తడితే లప్పం పెంకులుగా రాలి, లోపల చెయ్యి పట్టేంత బొక్కలు బయటపడ్డాయి. రంగుతో సహా కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. 65,000 రంగులో సగం ఆ రోజే నేలరాలింది. ఈసారి కింద తారులాంటి పూత దట్టంగా వేయించి, పైన ఆ ముక్కల వరకే రంగు కొట్టించా. తెలుపులో రెండు రకాల తెలుపులు కనిపిస్తాయి. కనిపించనీండి.

పెట్రోలు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీంట్లో మన చెయ్యి కూడా ఉంది. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. ఆ ఇథనాల్ చెరుకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ కూడా తీస్తున్నారు. మనం దాళ్వాలో వరి మాగాణిలో వేసిన మొక్కజొన్నే తిరిగొచ్చి ట్యాంకులో పడి, 1972 నాటి రబ్బరు పైపుల్ని ఉబ్బించి మెత్తబరుస్తోందన్నమాట. నాకు వారం రోజులు కారంతా పెట్రోలు వాసనే. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరువి మార్పించి, కార్బురేటర్ సీళ్ళు, వాషర్లు మార్పించి, మధ్యలో చిన్న ఫిల్టరు వేయించాక తగ్గింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది కాబట్టి సగం ట్యాంకు పెట్రోలుతో నెలల తరబడి నిలబెట్టకూడదు. అంటే ఈ బండిని తిప్పుతూ ఉండటమే దానికి మందు. మైలేజీ అడుగుతారు, నాకు తెలుసు. లీటరుకి ఎనిమిదిన్నర. నవ్వుకోండి.

ఇంకో చిన్న విషయం. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. ఈ పాత ఇంజన్లలో వాల్వు సీట్లకి ఆ సీసమే రక్ష. అందుకని హెడ్డు విప్పినప్పుడే లేతు షాపులో గట్టి సీట్లు కూర్పించా. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించా. రాత్రి నీళ్ళ వంతుకి వెళ్ళాలంటే ఆ పాత దీపాల వెలుగు చాలదు, అందుకని హాలోజన్ బల్బులు, రిలేలు. ముందూ వెనకా సీటు బెల్టులు. కంపెనీలో అవేవీ లేవు. హైదరాబాద్ ఆయన చూస్తే గుండె పట్టుకుంటారు. ఆయన పద్ధతి తప్పని నేననను. ఒక్కటైనా అసలు రూపంలో ఎక్కడో ఉండాలి, లేకపోతే మన మనవలకి చూపించడానికి ఏం మిగులుతుంది? ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014లోనే ఈ బండ్ల తయారీ ఆగిపోయింది. కానీ ఆ ఒక్కటి మాది కానక్కర్లేదు.

కాగితాలు మామూలు పద్ధతిలోనే చేయించా. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నేను చేయించినప్పుడు ఫీజు 5,000. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్సు, ఇన్నేళ్ళ ఆలస్యానికి జరిమానా. మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఆయన పెడలు తొక్కి చూస్తుంటే నేను ఊపిరి బిగబట్టా. పాసైంది.

మొత్తం ఖర్చు, దండగైన రంగుతో కలిపి, రెండేళ్ళలో రెండు లక్షల ఎనభై వేలు. ఈ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది. లాభం చూసుకుని దిగేవాళ్ళు దిగొద్దు. స్పేర్లకి మాత్రం ఇబ్బంది లేదు, ఒకప్పుడు ఊరూరా టాక్సీగా తిరిగిన బండి కాబట్టి ఆటోనగర్‌లో ఏదో ఒక మూల దొరుకుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం వేడెక్కుతుంది. అందుకే విజయవాడ పని ఉంటే తెల్లారకముందే వెళ్ళొస్తాం.

ఇప్పుడు నెలకి రెండుసార్లు అమ్మ ఆస్పత్రికి. అమ్మ ముందు పక్కకి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంటుంది, ఎవరి చెయ్యీ పట్టుకోదు. డిక్కీలో 45 కిలోల యూరియా కట్టలు మూడు. కమాన్‌పట్టీలు మూలుగుతాయి గానీ మోస్తాయి. ఊళ్ళో ఎవరి పెళ్ళైనా పెళ్ళికూతురు ఇందులోనే, డబ్బులు తీసుకోను. వెనక సీటు మీద పిల్లలు గోళ్ళతో పేర్లు గీశారు. తిట్టాను, తర్వాత చూస్తే మా పాప పేరు కూడా ఉంది.

మడ్‌గార్డు సొట్ట అలాగే ఉంది. బాబాయికి కొత్త పట్టా కొనిచ్చా.

చివరగా చిన్న సాయం. ఎడమవైపు వెనక తలుపుకి అద్దం దించే హ్యాండిల్ విరిగింది. ఎవరి చావిట్లోనైనా, పాత సామాన్లలోనైనా మార్క్ 2ది పడి ఉంటే మెసేజ్ పెట్టండి, వచ్చి తీసుకెళ్తా. క్రోమ్ పోయినా పర్లేదు, తిరిగితే చాలు.