కర్రి కులం

కుక్క అనే తిట్టు మా మీద పడినంతగా కుక్కల మీద కూడా పడి ఉండదు. నాయనను ఆ మాటతోనే నిద్రలేపిన గొంతు నాకింకా గుర్తుంది. మీటింగుల్లో మనమూ ఆ మాటనే తిప్పి వాడుతుంటాం. కుక్కను రానిచ్చే వీధిలోకి మమ్మల్ని రానియ్యరు, కుక్క తాగే నీళ్లు మమ్మల్ని తాగనియ్యరు అంటాం. నిజమే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ దోసిలి పట్టిన చవదార్ చెరువు అట్లాంటిదే. పశువులు తాగొచ్చు, అంటరానివాళ్లు తాకగూడదు. కానీ మా కర్రిని సాకినాక ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. కుక్కకూ కులముంటుంది. ఎవరి ముద్ద తింటే వాళ్ల కులం.

మాది ఆస్పరి పక్క పల్లె. నాయన ఒక పెద్దింట్లో జీతమున్నాడు. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చే పని కూడా ఆయనదే. 1998లో, నేను అయిదో తరగతిలో ఉండగా, ఆ ఇంటి కుక్క ఈనింది. రెండు మగవి, మూడు ఆడవి. ఆడవుంటే మళ్లీ మళ్లీ ఈనుతాయని మూడింటినీ గోనెసంచిలో ఏసి నాయన చేతికిచ్చినారు. "వంకలో పారేసి రాపోరా" అన్నారు. ఊరి చావులన్నీ మోసేది మాదిగోడే గదా. కండ్లు తెరవని చావు కూడా మాదే.

వంకలో సంచి విప్పేసరికి రెండు అప్పటికే ఊపిరాడక పోయినాయి. మూడోది నాయన బొటనవేలు చప్పరించిందంట. తువ్వాలలో సుట్టుకోని వెనక దావన గేరికి తెచ్చినాడు. అమ్మ తిట్టింది. "మనకే జొన్నరొట్టె సాలదు, దీనికేం పెడ్తావ్?" అని తిడతానే గుడ్డపీలిక మేకపాలల్లో ముంచి నోట్లో పెట్టింది. నల్లగా ఉందని కర్రి అన్నాం. మా ఇంట్లో అందరమూ నల్లనోళ్లమే, ఆ పేరు ఎవరికి పెట్టినా సరిపోయేది.

దాని అన్న ఒకటి పెద్దింట్లోనే పెరిగింది. మెడకు గజ్జెలు. వసారాలో పండుకునేది, వంటింటి గడప దగ్గర పెరుగన్నం తినేది. కర్రికి ఆర్నెల్లున్నప్పుడు ఒకనాడు నాయన వెనకాలే పోయి అదే వసారా ఎక్కింది. తల్లి వాసన పట్టిందేమో. "మాదిగోళ్ల కుక్క ఎక్కింది!" అని ఒకటే కేక. రాయి పడింది. వసారా అంతా పేడనీళ్లు సల్లినారు. అన్న పొద్దంతా పొర్లితే మైలపడని బండ, చెల్లెలు కాలు పెడితే మైలపడింది. ఇద్దరూ ఒక కడుపున ఒకే రోజు పుట్టినోళ్లు. ఆర్నెల్లు మా సట్టిలో తిన్నందుకు దానికి మా కులమొచ్చింది, ఎడమ వెనకకాలికి జీవితాంతం అవిటొచ్చింది.

నాయన ఆ పొద్దు ఏమీ అనల్యా. వచ్చే ఉగాదికి జీతం మానేసినాడు. ఆ మరుసటేడు గొడ్డు ఈడ్చను రానన్నాడు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మోగిన దండోర అప్పటికి మా గేరిక్కూడా చేరింది. నాయన మారింది దండోర వల్ల అని పెదనాయన అంటాడు. కర్రి వల్ల అని అమ్మ అంటుంది.

జీతం మానినాక సుగ్గి తప్పల్యా. ఈ పక్క వానను నమ్ముకున్న నేలలే ఎక్కువ. సంక్రాంతి దాటితే ఆస్పరి, ఆదోని, కోసిగి దిక్కు పల్లెలు లారీలెక్కి గుంటూరుకు మిరపకాయలు తెంపను పోతాయి. ఇప్పుడు నేను పంతులుగా ఉన్న సర్కారు బడిలోనూ ఆ నెలల్లో హాజరుపట్టీ నిండా సున్నాలే. అమ్మా నాయనా పోతే ఇంట్లో అవ్వ, నేను, కర్రి. మొదటేడు అది కుంటుకుంటా లారీ వెనకాల తారురోడ్డు దాకా ఉరికింది. రాత్రికి తిరిగొచ్చి నాయన గోనెపట్ట మీద పండుకుంది. రెండు దినాలు ముద్ద ముట్టల్యా.

తర్వాత దాని పనేందో దానికే తెలిసింది. గేరిలో సగానికి పైగా ఇండ్లకు తాళాలు. చీకటి పడితే వాకిలి వాకిలికీ పోయి వాసన సూసి, ఒక సుట్టు తిరిగొచ్చేది. బుడ్డిదీపం ముందర చదువుకుంటా ఉంటే నా పాదాల మీద గడ్డం ఆనించేది. లేస్తే దానికి నిద్ర చెడుతుందని లేవకుండా కూర్చునేవాణ్ణి. మా గేరిలో డిగ్రీ దాకా పోయిన మొదటోణ్ణి నేను. ఎవరి వల్ల చదివినావని అడిగితే సార్ల పేర్లు చెప్తా గాని, ఆ బరువు ఇప్పటికీ పాదాల మీద ఉన్నట్టే ఉంటుంది.

2010 సెప్టెంబరులో పేపర్లో ఒక వార్త వచ్చింది. మధ్యప్రదేశ్ మొరెనా జిల్లాలో ఒక దళిత స్త్రీ మిగిలిన రొట్టె కుక్కకేసింది. ఆ కుక్క ఒక రాజపుత్రుడిది. అంటుపడిందని దాన్ని వెలేసినారు, పంచాయతీ కూర్చొని ఆమెకు 15,000 రూపాయలు జరిమానా ఏసింది. చదివి వినిపించినా. కర్రి అప్పటికి ముసల్దయింది, నాయన కాళ్ల కాడ పండుకుంది.

"మరి ఆ కుక్క యాడుంది ఇప్పుడు?" అన్నాడు నాయన.

"ఆ దళితుల కాడే వదిలేసినారంట."

"అన్నం పెడ్తారులే" అని దీని వీపు నిమిరినాడు.

ఆ సంక్రాంతి ముందర కర్రి సచ్చింది. పూడ్చను మాకు సెంటు నేల ల్యాకపాయ. గేరి వెనక వంక ఒడ్డు చూసుకున్నాం. ఊళ్లో గొడ్లన్నిటికీ కాళ్లకు తాడేసి ఈడ్చిన నాయన, దీన్ని తువ్వాలలో సుట్టి రెండు చేతులా ఎత్తుకోని నడిచినాడు. గుంత నేను తవ్వుతానంటే ఇయ్యల్యా. నడుము లోతు తానే తవ్వి, నక్కలు తియ్యకుండా పైన కంపేసి, దాని మీద రాళ్లు పేర్చినాడు. పండుగ అయినాక మళ్లీ గుంటూరు లారీ ఎక్కినాడు.