వెనక సీట్లో ఎవరు?

కీసరలో మాకో 200 గజాల ప్లాటు ఉంది. ఇల్లు కట్టే స్తోమత ఇంకా రాలేదు గానీ, ఓ రేకుల షెడ్డు మాత్రం వేశాను. ఎందుకని అడిగినవాళ్ళందరికీ "సామాన్లు పెట్టుకోడానికి" అని చెప్తూ వచ్చా. అసలు సంగతి ఇవాళ చెప్పేస్తున్నాను. ఆ షెడ్డులో ఒక గైరోప్లేన్ కట్టాలని నా కోరిక. అదీ రెండు సీట్లది.

నవ్వకండి. ఉప్పల్ లో ఆఫీసు, నాచారంలో ఇల్లు, మధ్యలో ట్రాఫిక్.. ఈ బతుకు బతికేవాడికి ఆకాశం మీద ఆశ పుట్టడంలో వింతేముంది? ఆదివారం కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని, కోతుల బారినుంచి కొబ్బరిచిప్ప కాపాడుకుంటూ ఓ బండ మీద కూర్చుంటే, హకీంపేట వైపు ఏదో ఒక విమానం కనిపిస్తూనే ఉంటుంది. అలా మొదలైంది పిచ్చి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గైరోప్లేన్ చూడ్డానికి బుల్లి హెలికాప్టర్ లా ఉంటుంది, కానీ కాదు. గాల్లో ఉండగా పైనున్న రోటర్ ని ఇంజను తిప్పదు. వెనకున్న ప్రొపెల్లర్ బండిని ముందుకి తోస్తుంది, ఎదురొచ్చే గాలికి రోటర్ దానంతటదే తిరుగుతుంది. చిన్నప్పుడు తాటాకు ఫ్యాన్ ని తుమ్మముల్లుకి గుచ్చి పరిగెత్తేవాళ్ళం గుర్తుందా? అదే సూత్రం. స్పెయిన్ కి చెందిన హువాన్ దె లా సియెర్వా అనే ఇంజనీరు, 1919లో తను డిజైన్ చేసిన విమానం వేగం తగ్గి కూలిపోవడంతో, అలా కూలని యంత్రం కోసం తపించి దీన్ని కనిపెట్టాడు. 1923లో ఎగిరింది. ఇంజను ఆగిపోయినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది, మెల్లగా దిగొచ్చు.

ఇంకేం, ఇంతకంటే క్షేమమైంది లేదనుకున్నా. మనవాళ్ళందరిలాగే ఎక్సెల్ షీట్ తెరిచా. మొదటి కాలమ్: ధర. రెండోది: ఇంజను. మూడోది: కట్టడానికి పట్టే గంటలు. చవకైంది పైకి వచ్చేలా సార్ట్ చేశా. అక్కడే తప్పు చేశాను.

ప్రమాదాల రిపోర్టులు చదవడం మొదలుపెట్టాక నిద్ర పట్టలేదు. బీరువాని పైభాగం పట్టుకుని తోస్తే ఏమవుతుంది? జరగదు, ముందుకి ఒరుగుతుంది. కొన్ని గైరోప్లేన్లలో ప్రొపెల్లర్ తోసే గీత బండి బరువు కేంద్రం కంటే బాగా పైన ఉంటుంది. మామూలప్పుడు రోటర్ పైనుంచి పట్టి ఉంచుతుంది కాబట్టి తెలియదు. గాలి కుదుపుకో, పైలట్ స్టిక్ ని ముందుకి నెట్టినందుకో రోటర్ మీద భారం ఒక్క క్షణం తగ్గిందా.. ఆ పట్టు పోయి ముక్కు కిందికి తిరగబడుతుంది. ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. తేరుకునే టైమ్ ఉండదు. బ్రిటన్ విమానయాన సంస్థ కోసం గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు చేసిన పరిశోధనలో తేలింది కూడా ఇదే: ఆ రెంటి మధ్య ఎడం రెండంగుళాలు దాటకూడదు.

రెండోది మనకి బాగా తెలిసిన జబ్బే. సర్వర్ స్పందించడం ఆలస్యమైతే మనం రీఫ్రెష్ మీద రీఫ్రెష్ కొట్టి దాన్ని ఇంకా ముంచుతాం కదా, కొత్త పైలట్ కూడా అంతే. ముక్కు లేచిందని నెడతాడు, పడిందని లాగుతాడు, ప్రతిసారీ అర సెకను లేటుగా. ఊగుడు పెరిగి పెరిగి చేయి దాటిపోతుంది. తోకకి దూరంగా ఓ పెద్ద అడ్డరెక్క ఉంటే ఈ ఊగుడు చాలావరకు తనే అణుస్తుంది. ఒకప్పుడు బాగా అమ్ముడుపోయిన రెండు సీట్ల కిట్ ఒకటి ఆ రెక్క లేకుండానే వచ్చేది. నా షీట్ లో పైనున్న చవక బండి కూడా ఆ బాపతే.

ఇక లెక్కలు. ఖాళీ బండి 260 కిలోలు అనుకుందాం. మనుషులిద్దరు 160. ముప్ఫై లీటర్ల పెట్రోలు 22. మొత్తం 442. యూరప్ లో రెండు సీట్ల మైక్రోలైట్లకి చాలాకాలం ఉన్న హద్దు 450. అంటే మిగిలింది ఎనిమిది కిలోలు! పాత కారు ఇంజను పెడితే డబ్బు మిగులుతుంది గానీ బరువు ఆ ఎనిమిదీ మింగేస్తుంది. వంద హార్స్ పవర్ రోటాక్స్ పెడితే బరువు తగ్గుతుంది, కానీ అదొక్కటే ఓ మంచి కారు ధర.

డబ్బు ఎక్కడ మిగల్చాలా అని చూస్తే బాపు గుర్తొచ్చాడు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ముప్ఫై ఎనిమిదేళ్ళు లేత్ మీద పనిచేశాడు. ఆయన చేతిలో కానిది లేదని మా నమ్మకం. రోటర్ హబ్ డ్రాయింగులు ముందు పెట్టి, "బాపూ, ఇది మనమే చేద్దాం" అన్నా.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. రోటర్ కీ బండికీ మధ్యనున్న ఒక్క బోల్టు మీద వేలు పెట్టి, "మొత్తం దీని మీదనే ఏలాడుతదా?" అన్నాడు. అవునన్నా.

"ఎన్క సీట్ల ఎవరు కూసుంటరు?"

"నువ్వే. మొదటిసారి నిన్నే తిప్పుతా."

నవ్వలేదు. "నాకైతే పర్వాలే. రేపు పిల్ల కూసుంటనంటది గద. గిది నేను చెయ్యరా. లోపల పగులుంటే కంటికి కానరాదు. కొను" అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన ఒక పని చెయ్యనన్నది నేను వినడం అదే మొదలు.

ఆ రాత్రి షీట్ మళ్ళీ రాశా. మొదటి కాలమ్: తోపు గీత బరువు కేంద్రానికి దగ్గరగా ఉందా. రెండు: తోకరెక్క. మూడు: సీట్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా (వెనక సీటు బరువు కేంద్రం దగ్గరే ఉంటుంది కాబట్టి మనిషి ఉన్నా లేకపోయినా తూకం పెద్దగా మారదు). నాలుగు: రోటర్, హబ్, ఇంజను పేరున్న ఫ్యాక్టరీవేనా. ధర చివరికి పోయింది. మిగిలినవి రెండే మోడళ్ళు, రెండూ నా అంచనాకి దాదాపు రెట్టింపు.

అంచేత ఇప్పుడు కొనడం లేదు. ముందు నేర్చుకోవాలి. అసలు రెండో సీటు ఉన్నది అందుకే, అందులో మనకంటే తెలిసినవాడు కూర్చోడానికి. పూర్వం ఒంటి సీటు కిట్లు కట్టుకుని తమకు తామే నేర్చుకోబోయి చాలామంది పోయారు. పైగా డీజీసీఏ అనుమతులు. ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ స్వయంగా పైలట్, అయినా దాని రిజిస్ట్రేషన్ 2017 దాకా రాలేదు. మనమెంత?

షెడ్డు ప్రస్తుతం ఖాళీ. మొన్న ఆదివారం వెళ్ళేసరికి బాపు లోపల సుద్దముక్కతో నేల మీద కొలతలు గీస్తున్నాడు. ఫ్రేము మాత్రం తనే చేస్తాడట.

ఎంత కాలమైనా సరే, ఆగుతాం.