స్ప్రింగుల మంచం మీద సిపాయి

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. జూబ్లీహిల్స్‌లో గాజు తలుపుల వెనకాల, హీరోయిన్ల ఫొటోల్లో కనబడే పిలాటిస్ వ్యాయామం ఉంది చూశారూ, అది మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ముళ్లకంచె లోపల రూపు దిద్దుకున్న విద్య! అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటుంది. యుద్ధంలో కాలు పోయి, వెన్ను దెబ్బతిని ఇంటికొచ్చిన సిపాయిలు అమెరికాలో, బ్రిటన్‌లో ఇవాళ అదే విద్యతో మళ్లీ ఒళ్లు కూడదీసుకుంటున్నారు.

దానికి పేరిచ్చిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్, రుమాటిక్ జ్వరం. ఆ బక్కపిల్లాడే జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ సాధన చేసి కండ పెంచాడు. యుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. జర్మనీవాడు కాబట్టి శత్రువు కింద జమకట్టి, చివరికి ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని నాకలో శిబిరంలో పెట్టారు. ఇరవై వేల మందికి పైగా బందీలున్న చోటది. పిలాటిస్ తోటివాళ్లకు వ్యాయామం నేర్పాడు. మంచం దిగలేనివాళ్ల కోసం స్ప్రింగులు ఊడదీసి మంచానికే తగిలించి, పడుకున్న చోటే చేతులూ కాళ్లూ ఆడించేలా చేశాడని పిలాటిస్ గురువులు తరతరాలుగా శిష్యులకు చెప్పే కథ. ఆయన తర్వాత తయారుచేసిన క్యాడిలాక్ అనే పరికరాన్ని చూస్తే ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. నాలుగు మూలలా కమ్మీలు, పైన చట్రం, దానికి వేలాడే స్ప్రింగులు, కింద పరుపు. అచ్చం ఆస్పత్రి మంచమే!

1926లో న్యూయార్క్ వెళ్లి, సహచరి క్లారాతో కలిసి ఎనిమిదో అవెన్యూలో స్టూడియో పెట్టాడు. దెబ్బతిన్న డ్యాన్సర్లు ఆయన దగ్గరికి వరస కట్టారు. 1967లో కన్నుమూశాడు. ఆ తర్వాత ఆ విద్య డబ్బున్నవాళ్ల ముచ్చటగా మారింది. మారనివ్వండి. దాని అసలు హక్కుదారులు ఎవరో ఆ స్ప్రింగులకు తెలుసు.

నడుం నొప్పి పుణ్యమా అని మొన్న మొదటిసారి రిఫార్మర్ అనే పిలాటిస్ పరికరం మీద పడుకున్నాను. పొడవాటి చట్రం, అందులో పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారే మెత్తటి బల్ల. కాళ్ల వైపు అడ్డంగా ఒక కమ్మీ. బల్ల కింద నాలుగైదు స్ప్రింగులు, ఒక్కోటీ ఒక్కో బిగువు. వెల్లకిలా పడుకుని, పాదాలు కమ్మీకి ఆనించి తన్నితే బల్ల మనతో సహా వెనక్కి జారుతుంది. దాన్ని మళ్లీ ముందుకు రానివ్వడంలో ఉంది అసలు పని. వదిలేస్తే దభీమని కొట్టుకుంటుంది. స్ప్రింగు లాగుతుంటే మనం ఆపుతూ ఆపుతూ, ఊపిరి వదులుతూ రావాలి. ఒంట్లో ఇన్ని కండరాలున్నాయని నాకు ఆ పూటే తెలిసింది!

ఆ తర్వాత టీచర్ ఒక స్ప్రింగు తీసేశారు. భారం తగ్గింది కదా, తేలికవుతుందనుకుంటాం. కొన్ని కదలికల్లో అలా కాదు, స్ప్రింగు తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఎందుకంటే అప్పటిదాకా ఆ స్ప్రింగే మనల్ని మోస్తోంది. జిమ్‌లో ఇనప గుండు ఎప్పుడూ మనకు ఎదురే తిరుగుతుంది. స్ప్రింగు అలా కాదు, చేతకాని చోట సాయం పడుతుంది, చేతనైన చోట పోటీకి వస్తుంది. సైకిల్ నేర్చుకునే పిల్లాడి వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తే నాన్న లాంటిది. నన్ను కట్టిపడేసింది ఇదే.

ఇప్పుడు మోకాలి పైన కాలు తీసేసిన సిపాయిని ఆ బల్ల మీద ఊహించుకోండి. నిలబడక్కర్లేదు, పడతానన్న భయం లేదు. ఉన్న పాదం కమ్మీకి ఆనించి, ఒకే ఒక్క స్ప్రింగుతో మొదలుపెట్టొచ్చు. ఆ కాలి మీద ఎంత భారం పడాలో స్ప్రింగులు మార్చి తగ్గించొచ్చు, పెంచొచ్చు. ఇక కాలు తీసేసిన వైపు మిగిలిన తొడ. నెలల తరబడి చక్రాల కుర్చీలో కూర్చుంటే తుంటి ముందువైపు కండరం కురచబడిపోతుంది, తొడ ముందుకు వంగే ఉండిపోతుంది. అలాగే కృత్రిమ కాలు తొడిగి నడిస్తే ఆ లాగుడంతా నడుం మీద పడుతుంది. కాలు పోయినవాళ్లలో చాలామందికి నడుం నొప్పి రావడానికి ఇదొక కారణం. ఆ తొడకు మెత్తటి పట్టీ వేసి, పైనుంచి వేలాడే స్ప్రింగుకు తగిలించి, మెల్లగా కిందికి నొక్కమంటారు. నొక్కేకొద్దీ ముందువైపు సాగుతుంది, వెనక పిరుదు కండరం బలపడుతుంది. పైకి వచ్చేటప్పుడు స్ప్రింగు మోస్తుంది. పోయిన కాలి ఊసే లేదు, ఉన్న తొడకు చేతినిండా పని!

కనబడని దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. బాంబు మోత చెవుల్లోంచి పోనివాళ్లు, నిద్రలో ఉలిక్కిపడి లేచేవాళ్లు. వీళ్లతో పనిచేసే మంచి టీచర్లు పాటించే పద్ధతి చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. అడక్కుండా ఒంటి మీద చెయ్యి వెయ్యరు. వెనక నిలబడి మాట్లాడరు. తలుపు కనబడే వైపు చోటు ఎంచుకోనిస్తారు. తర్వాత ఏం చెయ్యబోతున్నారో ముందే చెబుతారు. కళ్లు మూసుకోమని పట్టుబట్టరు. ఆ మాత్రం భరోసా దొరికాక, ఊపిరి పూర్తిగా వదలడం అనే చిన్న పనితో మొదలవుతుంది. శిబిరంలో బందీగా బతికిన పిలాటిస్ ఊపిరి మీద అంత పట్టుబట్టడం నాకు ఊరికే అనిపించదు.

ఇదంతా చదువుతుంటే తీగ లాగినట్టు ఇంకో జర్మన్ దొరికాడు. లుడ్విగ్ గుట్‌మన్, యూదు వైద్యుడు. హిట్లర్ బారినుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరాడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్ను విరిగిన సైనికుల వార్డు ఆయనకు అప్పగించారు. అప్పట్లో నడుం కింద చచ్చుబడితే పడక పుళ్లతో, మూత్రంలో చీముతో కొన్నాళ్లకే పోయేవాళ్లు. గుట్‌మన్ రాత్రీ పగలూ రెండు గంటలకోసారి వాళ్లను పక్కకు తిప్పించాడు. తర్వాత మంచం దింపాడు, బంతి విసిరించాడు, విల్లు పట్టించాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆస్పత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. ఇవాళ్టి పారాలింపిక్స్‌కు బీజం అదే. ఒక యుద్ధంలో జర్మనీవాడని కంచెలో పడ్డ మనిషి ఒకడు, ఇంకో యుద్ధంలో జర్మనీ తరిమేసిన మనిషి ఒకడు. ఇద్దరూ మంచాన పడ్డవాళ్లను కదిలించడమే వైద్యమన్నారు!

మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ కూడా ఈ దారిలోనే కనిపించాడు. 1965 భారత్-పాక్ యుద్ధంలో ఒళ్లంతా తూటాలు తగిలాయి, ఒకటి వెన్నులో ఉండిపోయింది. అంతకుముందు బాక్సర్. వైద్యంలో భాగంగా ఈతకొలనులోకి దించారు. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి బంగారు పతకం. నీళ్లు ఆయనకు చేసింది కూడా స్ప్రింగు చేసే పనే కదా. తేలనిచ్చాయి, ఎదురూ నిలిచాయి.

పరిశోధనలూ తిరగేశాను. నడుం నొప్పికి పిలాటిస్ పనిచేస్తుందా అని 10 ప్రయోగాలను, 510 మంది రోగుల వివరాలను కలిపి 2015లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. ఏమీ చెయ్యకుండా ఉండటం కంటే మేలేనంది, మిగతా వ్యాయామాలన్నిటి కంటే గొప్పదనడానికి మాత్రం రుజువు లేదంది. నాకు అదేమీ లోటుగా అనిపించలేదు. శాన్ డియాగోలో నడుం నొప్పితో బాధపడే 150 మంది మాజీ సైనికులతో చేసిన అధ్యయనంలో మన యోగా కూడా మేలు చేసిందని 2017లో ప్రచురించారు. ఒంటికాలి మనిషికి, చక్రాల కుర్చీ మనిషికి తగ్గట్టు మలుచుకోగలిగిన కదలిక ఏదైనా మంచిదే. స్ప్రింగులతో అలా మలుచుకునే వీలు మరీ ఎక్కువ, అందుకే నా సంబరం.

గాయం మానకముందు, వెన్ను కుదురుకోకముందు ఇవేవీ మొదలుపెట్టకూడదు. డాక్టరు సరేనన్నాకే, ఫిజియో కళ్లముందే.

పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది, ఇంటింటా ఫౌజు పేరు వినబడే ఊరు. అక్కడే కాదు, మీ ఇంట్లోనో మీ వీధిలోనో దెబ్బతిని తిరిగొచ్చిన సిపాయి ఉంటే, ఈసారి మాజీ సైనికులకు వైద్యం అందించే ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్లినప్పుడు పక్కన మీరూ వెళ్లండి. పడుకుని చేసే కదలికలు ఏమేం చెయ్యొచ్చో ఫిజియోని అడగండి. రిఫార్మర్ లేకపోయినా ఫరవాలేదు. గట్టి చాప, ఒక రబ్బరు బ్యాండు, కాలి దగ్గర దాన్ని పట్టుకునే మనిషి ఉంటే మొదలుపెట్టడానికి చాలు. ఆ బ్యాండు రెండో కొస మీరే పట్టుకోండి.