ఒకే తొట్టెలో రెండు దేశాలు

మేడ్చల్, శామీర్‌పేటల్లో కొత్త ఇళ్ళు లేచినకొద్దీ ముందుగదుల్లో గాజుతొట్టెలు కూడా వెలుస్తున్నాయి. చాలావాటిలో ఒక గోల్డ్‌ఫిష్, దాని పక్కనే రెండు ఏంజెల్ చేపలు. "రెండూ కలిసే ఉంటాయండీ" అన్న భరోసా అంగడివారు ఉచితంగానే ఇస్తారు.

గోల్డ్‌ఫిష్‌ను దాదాపు వెయ్యేళ్ళ నాడే చైనావారు మచ్చిక చేశారు. 18 నుండి 22 డిగ్రీల చల్లని నీరు దానికి హాయి. ఏంజెల్ అమెజాన్ బిడ్డ, 24కు పైనే దానికి సుఖం. మన వేసవిలో తొట్టెనీరు 30 దాటుతుంది. వేడెక్కినకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గి, గోల్డ్‌ఫిష్ పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అది ఆకలేమోనని ఇంట్లోవాళ్ళు మరికాస్త మేత వేస్తారు! మిగిలిన మేత కుళ్ళి, దాని విసర్జనతో కలిసి నీటిని అమ్మోనియా మయం చేస్తుంది. ఇక డిసెంబరు రాత్రులు. నగరం నడిబొడ్డు కన్నా ఇక్కడ చలి ఎక్కువే. అప్పుడు ఏంజెల్ వంతు: రెక్కలు ముడుచుకొని మూల చేరుతుంది. హీటరు పెడితే దానికి ఊరట, పక్కదానికి శిక్ష.

రెండూ వెంటనే చనిపోవు, అదే చిక్కు. పదేళ్ళకు పైగా బతకగల గోల్డ్‌ఫిష్ ఏడాదికే పోతే "చేపలంతేలే" అనుకుని మరొకటి తెచ్చుకుంటాము.

ఇరుగుపొరుగు అడిగితే రెండు తొట్టెలు పెట్టమంటాను. చోటు లేదంటే ఏంజెల్ చేపలనే ఉంచుకొమ్మంటాను. మే నెలలో నీటిని చల్లబరచడం కన్నా జనవరిలో వెచ్చబరచడం తేలిక.